గోడలో చెల్లి

ఆ ఏడు బడి తెరిచిన రోజే వానలు మొదలయ్యాయి. వరండా నిండా తడిసిన గొడుగులు, చెప్పుల బురద. మా చెల్లి ఉడత రెండో తరగతి గుమ్మం దగ్గర ఆగిపోయి, లోపలి బల్లలన్నీ ఒక్కొక్కటే చూసి, "తోడక్క ఏది?" అంది.

ఉడత దాని అసలు పేరు కాదు. ఒక్క చోట నిలవదని నాన్న అలా పిలిచాడు, అదే ఉండిపోయింది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. మాటలు తక్కువ, అరుపు ఎక్కువ. బల్ల ఈడ్చిన చప్పుడైనా, ఎవరి మోచెయ్యి తగిలినా, ఉన్నట్టుండి లైటు వెలిగినా చాలు, నేల మీద పడి తల బాదుకునేది. ఆపబోయిన చెయ్యి దొరికితే కరిచేది. దాని కోసమని బడిలో ఒకావిడని పెట్టారు. ఆవిడే తోడక్క. ఆవిడ చేసేది చూస్తే పనిలా ఉండేది కాదు. ఊరికే పక్కన కూర్చునేది. ఉడత భుజాలు బిగుసుకుంటున్నాయనిపిస్తే, ముట్టుకోకుండా, వేలితో గుమ్మం వైపు చూపించేది. ఇద్దరూ కుళాయి దగ్గరికి వెళ్లి ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి నీళ్లు పోస్తూ నిలబడేవాళ్లు. కాసేపటికి దాని భుజాలు దిగేవి. మళ్లీ వచ్చి బుద్ధిగా కూడికలు చేసుకునేది.

"ఆ పోస్టు ఈ ఏడు మంజూరు కాలేదమ్మా," అంది పెద్ద మేడం అమ్మతో. బడికంతటికీ ఆవిడే పెద్ద. "అడగాల్సిన వాళ్లందరినీ అడిగాను. నిధులు లేవంటున్నారు. ఉన్నవాళ్లతోనే సర్దుకోమంటున్నారు."

"ఉన్నవాళ్లంటే?"

పెద్ద మేడం నా వైపు చూసింది. నేను అదే బడిలో, పై అంతస్తులో, పదో తరగతి.

అలా ఉన్నవాళ్లలో నేనొకదాన్నయ్యాను. లెక్కల క్లాసు మధ్యలో ప్యూను వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. నోరు విప్పనక్కర్లేదు. వెనక బెంచీలోంచి ఎవరో "సైరన్ మోగింది" అనేవాళ్లు, క్లాసంతా నవ్వేది, నేను మెట్లు దిగి పరిగెత్తేదాన్ని. నా వల్ల కాకపోతే అమ్మకి కబురు వెళ్లేది. అమ్మ రెడీమేడ్ బట్టలు కుట్టే చోట కాజాల మిషన్ మీద పనిచేసేది. మిషన్ మధ్యలో ఆపి లేచి రావాలంటే ముందు సూపర్‌వైజరు మొహం చూడాలి. "మీ ఇంటి గొడవ మీ ఇంట్లో పెట్టుకోమ్మా" అన్నాడట ఒకసారి. "ఇంట్లో పెట్టుకునేదానికి ఇక బడెందుకయ్యా అన్నాను" అని అమ్మ మాకు నవ్వుతూనే చెప్పింది. నిజంగా అతనితో అందో లేదో.

ఒక రోజు ఉడత విసిరిన నీళ్ల సీసా తగిలి ఒక పాప ముందు పన్ను విరిగింది. ఆ పాప వాళ్ల నాన్న బడికొచ్చి ఎగిరెగిరి పడ్డాడు. ఆయన్నీ అనలేం. పిల్ల నోట్లో రక్తం చూసిన తండ్రి ఊరుకుంటాడా? మర్నాడు మావాళ్లని రమ్మన్నారు. అమ్మకి సెలవు దొరకలేదు, నాన్న వెళ్లాడు. సాయంత్రం చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "ఏదో దారి చూస్తామన్నారు" అన్నాడు.

"ఏం దారి?" అంది అమ్మ.

"చదువుకున్నవాళ్లు. వాళ్లకి తెలీదా?"

ఆ తర్వాత ప్యూను నా కోసం రాలేదు.

మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. పాఠం వింటున్నా కళ్లు గుమ్మం మీదే ఉండేవి. ఒక వారం గడిచింది, రెండో వారం గడిచింది. కింద నుంచి చిన్నపిల్లలు ఎక్కాలు వల్లించే చప్పుడు వచ్చేది, వాన చప్పుడు వచ్చేది. మా ఉడత గొంతు మాత్రం రాలేదు.

ఇంట్లోనూ అంతే. బడి నుంచి వచ్చి, సంచి ఒక మూల పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చునేది. పళ్లెం ముందు పెడితే తినేది. అంతకుముందు దువ్వెన కనపడితే చాలు ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు అమ్మ ఎంత సేపు దువ్వినా తల వంచుకుని కూర్చుంటోంది. నాన్నకి అచ్చాఫీసులో పెద్ద మిషన్ దగ్గర పని. పొద్దంతా చెవుల్లో మోత. ఇంటికొచ్చి నులకమంచం మీద వాలి, చేతులు తల కింద పెట్టుకుని, "విన్నారా? వాన!" అనేవాడు. "మన రేకుల మీద వాన పడితే ఇంత బాగుంటుందని ఇన్నేళ్లూ నాకు తెలీనే తెలీదు."

ఇంటావిడ పక్కనున్న తన మేడ దిగివచ్చి మరీ అడిగింది, ఏం మందు వాడుతున్నారని.

"మందేం లేదండీ. బడిలో బాగా చూసుకుంటున్నారు," అంది అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ మెడ కొంచెం నిటారుగా అయింది. ఉడత గురించి ఒకరి ముందు గర్వంగా మాట్లాడే అవకాశం అమ్మకి అంతవరకూ రాలేదు.

నాకు మాత్రం ఏదోలా ఉండేది. ఒక సాయంత్రం మా వీధి చివరే పడ్డట్టుగా పిడుగు పడింది. గిన్నెలు కదిలాయి. నేను కెవ్వుమని అమ్మని పట్టుకున్నాను. ఉడత రెప్ప కూడా ఆర్పలేదు. బీరువాకీ గోడకీ మధ్య ఉన్న సందులోకి దూరి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, గోడకి చెవి ఆనించి ఉంది. వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. టక్, టక్. ఆగి, టక్. తర్వాత ఊపిరి బిగబట్టి వింది. విని నవ్వింది.

ఆ గోడ అవతల ఏమీ లేదు. చెత్త డబ్బాలు పెట్టే సందు, దాని అవతల వీధి.

"ఏంటే అది?" అన్నాను.

"హుష్. చెల్లి పడుకుంది."

"ఏ చెల్లి?"

ఇంత తెలివితక్కువ దానివేమిటన్నట్టు చూసింది. "గోడలో చెల్లి."

అమ్మ వెనకాలే దుప్పటి మడతపెడుతోంది. రెండు చేతులూ చాపి దుప్పటి పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది.

ఉడతకి రెండేళ్లప్పుడు అమ్మకి ఇంకో ఆడపిల్ల పుట్టింది. పుట్టేటప్పటికే ఊపిరి లేదు. అమ్మ ఒళ్లో కాసేపు పెట్టి తీసుకెళ్లిపోయారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఉడతకి చెప్పిన వాళ్లు ఎవరూ లేరు. చెప్పినా దానికి అర్థమయ్యే వయసు కాదు.

"గోడలకి చెవులుంటాయంటారు. మనింట్లో నోళ్లు కూడా వచ్చాయి," అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచి అమ్మ ఉడతని అడగడం మొదలుపెట్టింది. మొదట నా కంటపడకుండా, తర్వాత నా ఎదురుగానే. ఉడత గోడ మీద కొట్టేది, వినేది. అమ్మ దాని పక్కన నేల మీద కూర్చుని, గుడిలో కూడా అంత మెల్లగా మాట్లాడదు, "ఏమంటోంది?" అనేది.

"చలంట."

అమ్మ లేచి, పెట్టెలోంచి తన పెళ్లినాటి కంబళి తీసి, గోడ పొడుగునా కిందకి ఆనించి పరిచింది.

"ఆకలేస్తోందా దానికి?"

"నాకు తెలీదు."

"భయపడుతోందా?"

ఉడత మళ్లీ గోడకి చెవి ఆనించింది. "చీకటి," అంది. "అక్కడ చీకటే. గడియ బయటుంటుంది."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మంచం మీదున్న నాన్న లేచి చెప్పులేసుకుని బయటకి వెళ్లిపోయాడు. ఆ వానలో ఎక్కడికి వెళ్లాడో.

ఆ తర్వాత పని నుంచి వచ్చిన అమ్మ చీర కూడా మార్చుకోకుండా ఆ సందులో కూర్చునేది. ఉడత ఇటు, అమ్మ అటు, ఇద్దరి చెవులూ గోడకి. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేది. నేను వెళ్లి దించేదాన్ని. ఒకసారి నాన్న గట్టిగానే అన్నాడు, "మతిగాని పోయిందా నీకు?"

"దానికి వినపడుతోందండీ," అంది అమ్మ. "కన్నదాన్ని నేను. నాకెందుకు వినపడదు?"

ఆ ఇంట్లో ఇక నేను ఏ గోడకీ ఆనుకుని కూర్చోలేకపోయాను. పుస్తకం పట్టుకుని గది నడిమధ్య కూర్చునేదాన్ని. కానీ ఉడత అన్న ఒక మాట మాత్రం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. దానికి కల్పించి చెప్పడం రాదు. చూసిందే చెప్తుంది. గడియ బయటుంటుంది అంది. మా ఇంట్లో గడియలన్నీ లోపలే ఉన్నాయి.

ఉడతకి జ్వరం వచ్చి బడి మానేసిన రోజు, భోజనాల బెల్లు కొట్టాక, నేను రెండో తరగతికి వెళ్లాను. టీచరమ్మ ఒక్కతే ఉంది. చిన్నావిడ. కొత్తగా చేరింది.

"టీచర్, మా చెల్లి గడియ గడియ అంటోంది. ఏ గడియ?"

ఆవిడ చేతిలో సుద్దముక్క విరిగింది. "నేను వద్దనే అన్నాను," అంది. వెంటనే, "పెద్ద మేడంని అడుగమ్మా" అంది. కానీ ఆవిడ కళ్లు వరండా చివరికి వెళ్లి వచ్చాయి.

వరండా చివర ఒకప్పుడు ఆట వస్తువులు పెట్టే కొట్టు గది ఉంది. ఇప్పుడు దాని తలుపు మీద రంగు కాగితంతో కత్తిరించిన పువ్వు, కింద అందమైన అక్షరాలతో 'శాంతి గది' అని ఉన్నాయి. తలుపు పాతది. గడియ కొత్తది, తళతళలాడుతోంది. నేను తీసి లోపలికి వెళ్లాను.

కిటికీ లేదు. పైన అరచేతంత గాలికన్ను. మూడు గోడలకి, పిల్లల ఎత్తు వరకు, వ్యాయామానికి వేసుకునే పాత చాపలు మేకులతో కొట్టారు. తల కొట్టుకున్నా దెబ్బ తగలకుండా అనుకుంటాను. చాపల అంచులు కొరికి ఉన్నాయి. రబ్బరు వాసన, దాని కింద ఉచ్చ వాసన. నాలుగో గోడకి చాపలు చాల్లేదేమో, వట్టిదే ఉంది. దాని మీద, సరిగ్గా ఉడత కూర్చుంటే చెవి వచ్చే చోట, ఒక నల్లటి మచ్చ. తల నూనె, చెంప చెమట అంటీ అంటీ అక్కడ సున్నం నున్నగా మెరుస్తోంది.

గాలికి తలుపు దానంతటదే మూసుకుంది. గడియ పడలేదు, తోస్తే వస్తుంది, నాకు తెలుసు. అయినా తోయలేదు. చీకట్లో తడుముకుంటూ ఆ మచ్చ దగ్గర కూర్చుని చెవి ఆనించాను. చల్లగా ఉంది. ఎక్కడో గొట్టంలో వాన నీళ్లు దిగుతున్నాయి. నా గుండె చప్పుడు గోడలోంచి వస్తున్నట్టుంది.

తర్వాత వినపడింది. టక్, టక్. ఆగి, టక్.

నేను గోరుతో, గోడకే తెలియకూడదన్నంత మెల్లగా, అలాగే కొట్టాను.

అవతల నుంచి జవాబు దడదడమని వచ్చింది, ఆగకుండా, ఎవరో సంతోషం పట్టలేక కొట్టినట్టు. ఆ వెనకే ఒక కూనిరాగం. పాట కాదు. ఒకే స్వరం, సన్నగా, సాగుతూ. బతికుంటే ఆ పిల్లకి ఇప్పటికి ఆరేళ్లు వచ్చేవి. ఎవరు నువ్వు అని అడగాల్సింది. అడగలేదు. "చెల్లీ," అన్నాను.

రాగం ఆగిపోయింది. తర్వాత దగ్గు. బొంగురు గొంతుతో, కఫం పట్టిన మగ దగ్గు. ఆపైన ఇనప గడియ లాగిన చప్పుడు, ఒక పెద్దాయన మాట: "పద, టైమైంది. ఇవాళ తల కొట్టుకోలేదు కదా? బంగారుకొండ."

మా బడి కట్టడం ఒకప్పుడు ఇంకా పెద్దది. ఎప్పుడో దాన్ని మధ్యలో అడ్డగోడ కట్టి రెండు బడులు చేశారు. మా గేటు ఈ వీధిలో, వాళ్ల గేటు వెనక వీధిలో. వాళ్ల పిల్లలెవరో మాకు తెలీదు. అప్పుడప్పుడు పెరటి గోడ మీదుగా బంతి వచ్చి పడితే తిరిగి విసిరేవాళ్లం, అంతే. నేను గొడుగు కూడా తీసుకోకుండా గేటు దాటి, మందుల షాపు మలుపు తిరిగి, వెనక వీధికి పరిగెత్తాను.

వాళ్ల గేటు దగ్గర ఒక ముసలాయన, మనవణ్ణి భోజనానికి తీసుకెళ్లడానికి కాబోలు, గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. చేతులకి సైకిల్ గొలుసు నూనె. లోపలి నుంచి వాచ్‌మన్ "పద, బంగారుకొండ" అంటూ ఒక పిల్లాణ్ణి మణికట్టు పట్టుకుని తీసుకొస్తున్నాడు. పిల్లాడు అనకూడదేమో. నాన్నంత పొడుగున్నాడు. నూనూగు మీసాలు. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టి ఉన్నాయి. ఎడమ చెంప నిండా సున్నం.

"తాతగారూ, మీ అబ్బాయిని గదిలో పెడుతున్నారా?" అన్నాను.

"ఎవరమ్మా నువ్వు?"

"మా చెల్లిని గోడ ఇవతల పెడుతున్నారు."

ముసలాయన గొడుగు పక్కకి ఒరిగిపోయింది. భుజం తడుస్తున్నా చూసుకోలేదు. "గోడలో అక్క ఉందంటాడు తల్లీ," అన్నాడు. "రోజూ అదే మాట. అక్క పలికింది, అక్క రాలేదు అని. మా ఇంట్లో ఆడపిల్లే లేదు. వీడి తల్లి పోయాక మేమిద్దరమే. ఉన్న ఆ కాస్త మతి కూడా పోయిందనుకుని షాపులో కూర్చుని ఏడ్చాను."

"ఇక్కడ కూడా తోడుండేవాళ్లని తీసేశారా?"

"ఒక సారు ఉండేవాడు. ఈ ఏడు లేడు. ఎందుకని అడిగితే పైకి చూపించారు. నేనూ పైకి చూశాను. వాన పడుతోంది."

ఆ అబ్బాయి నా మొహం చూడలేదు. నా చేతి గోళ్లు చూస్తున్నాడు.

ఇంటికి వెళ్లి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ గోడ పక్కనే ఉంది. ఉడత జ్వరంతో అమ్మ ఒళ్లో నిద్రపోతోంది.

"మగపిల్లాడా?" అంది.

"అవునమ్మా."

"పెద్దవాడా?"

"నాన్నంత ఉన్నాడు."

అమ్మ గోడ వైపు తిరిగింది. "సరే," అంది. ఉడత తలని దిండు మీదకి మార్చి, లేచి, గోడకి ఆనించిన కంబళి తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి, పెట్టెలో అడుగున పెట్టేసింది.

నాన్న వచ్చి చేతులు కడుక్కుంటుంటే, "ఆ గది సంగతి మీకు తెలుసా?" అని అడిగింది.

నాన్న చేతులు కడుగుతూనే ఉన్నాడు. "కాసేపు విడిగా కూర్చోబెడతామన్నారు. చల్లబడేదాకా. సరేనన్నాను."

"గడియ వేస్తామన్నారా?"

"అన్నారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నాడు. తర్వాత గొంతు దిగిపోయింది. "నెమ్మదించింది కదే. ఇన్నేళ్లకి ఇంటికొస్తే రెండు ముద్దలు నెమ్మదిగా తిన్నాం కదా."

అమ్మ పళ్లెం పెట్టి వడ్డించింది. నాన్న కలిపాడు గానీ తినలేదు. ఆ రోజు నుంచి చాలాకాలం అమ్మ ఆయన్ని 'ఏవండీ' అని పిలవడం నేను వినలేదు. చెప్పాల్సినవన్నీ నాతోనో, గిన్నెలతోనో చెప్పేది.

మర్నాడు అమ్మ ఉడతని నాన్నకి అప్పగించి నాతో బడికి వచ్చింది. నేరుగా వరండా చివరికి వెళ్లి, ఆ గదిలోకి దూరి, మచ్చ ఉన్న చోట కూర్చుంది. పెద్ద మేడం పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఇదేంటమ్మా?"

"గడియ వేసి మీ పని చూసుకోండి మేడం."

"పిచ్చా నీకు?"

"ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుంది. నేను కూర్చోలేనా?"

పెద్ద మేడం గుమ్మానికి చెయ్యి ఆనించింది. "నేను రాక్షసిని కాదమ్మా. ఒక్క గదిలో అంతమంది పిల్లలు, ఒక్క టీచరు. పన్ను విరిగిన పిల్ల మళ్లీ బడికి రానని ఏడుస్తోంది. దానికేం చెప్పను? మనిషిని ఇవ్వండి ఇవ్వండి అని నా నోరు పడిపోయింది. ఇచ్చింది మేకులు, ఈ పాత చాపలు."

"మిమ్మల్ని నేనేం అనడం లేదు," అంది అమ్మ. "మీరు తలుపు వేయండి."

ఆవిడ వేయలేదు. ప్యూనూ వేయలేదు. అమ్మే లోపలి నుంచి లాక్కుంది.

ముందు సాయంత్రమే అమ్మ పంపితే నేను తాత నడిపే సైకిల్ షాపుకి వెళ్లి ఆయనతో చెప్పి వచ్చాను. అమ్మ ఇటు కూర్చున్న వేళకి ఆయన అటు కూర్చున్నాడు. ముసలాయన, ఆయాసం మనిషి. ఉన్నాడో లేడో తెలియాలని అమ్మ అప్పుడప్పుడు గోడ మీద కొట్టేది. ఆయన తిరిగి కొట్టేవాడు. భోజనాల వేళ వరండాలోకి వచ్చిన పిల్లలు మూసిన తలుపు వెనక ఆ చప్పుడు విన్నారు. పెద్దవాళ్ల చప్పుడు, పిల్లల చప్పుడు ఒకేలా ఉంటాయి. ఇంటికి వెళ్లి భయపడి చెప్పారు. మర్నాటి నుంచి తల్లిదండ్రులు రావడం మొదలుపెట్టారు. నిలబడి వినేవాళ్లు. పన్ను విరిగిన పాప వాళ్ల నాన్న కూడా వచ్చాడు. అమ్మని కాసేపు బయటకి రమ్మని, తను లోపలికి వెళ్లి తలుపు లాక్కున్నాడు. వచ్చాక ఎవరి మొహం చూడకుండా వెళ్లిపోయాడు. మర్నాడు ఆయనే కొందరిని వెంటబెట్టుకుని పై ఆఫీసుకి వెళ్లాడు.

ఆఫీసరు వానకోటులో వచ్చాడు. "ఇదేనా?" అంటూ లోపలికి అడుగుపెట్టాడు. వెనక నిలబడ్డ ప్యూను, పాపం కావాలని కాదు, అలవాటు పడిన చెయ్యి, తలుపు మూసి గడియ వేసేశాడు. అందరం బిగుసుకుపోయాం. లోపలి నుంచి రెండు అరచేతులతో తలుపు బాదిన చప్పుడు. అది మాత్రం ఒక పద్ధతిలో లేదు.

వానలు తగ్గేవేళకి తోడక్క తిరిగొచ్చింది. రెండు బడులకీ కలిపి ఒక్కతే. పొద్దున మా బడి, మధ్యాహ్నం వాళ్లది. పూర్తిగా ఇవ్వడానికి నిధులు లేవన్నారు. రెండు గదుల గడియలూ ఊడదీశారు. ఈలోపు అమ్మ కాజాల మిషన్ మీద ఇంకొకరు కూర్చున్నారు. కాబట్టి తోడు లేని పూట ఇద్దరు పిల్లలూ మా ఇంట్లో ఉండేవాళ్లు, పొద్దున వాడు, మధ్యాహ్నం ఇది. మధ్యలో వాళ్ల వేళలు కాసేపు కలిసేవి.

మొదటి రోజు అమ్మ వాణ్ణి ఉడత ముందు నిలబెట్టి, "ఇదిగోనే, నీ గోడలో చెల్లి" అంది. ఉడత ఆ పొడుగు మనిషిని కింద నుంచి పై వరకు చూసింది. వాడు సీలింగు వైపు చూస్తున్నాడు. "ఇది కాదు," అంది ఉడత. వాడి పక్కనుంచి వెళ్లి, బీరువా సందులో చెవి పెట్టి వెతకసాగింది. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. చెల్లి ఎక్కడికి వెళ్లింది, చెల్లికి అన్నం పెట్టారా అని అడుగుతూనే ఉండేది. ఒక సాయంత్రం జవాబు దొరక్క నేల మీద పడి ఇల్లంతా అదిరేలా అరిచింది. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. వెళ్లి రెండు మగ్గులు తెచ్చి, దాని ముందు నేల మీద కూర్చుని, నీళ్లు ఇటు నుంచి అటు పోయడం మొదలుపెట్టాడు. చేతకాక సగం ఒలికిపోయాయి.

ఇంకో రోజు అమ్మ వాడి చొక్కా గుండీలు సరిచేస్తూ, ఊరికే అడిగినట్టు అడిగింది: "గోడలో అక్క నీతో ఏమనేది నాన్నా?"

"ఇద్దరు," అన్నాడు వాడు.

అమ్మ వేళ్లు గుండీ మీద ఆగాయి. "ఇద్దరు అక్కలా?"

"ఒక అక్క. ఒక చిన్న పాప." వాడు గాలిలోకి వేలు పెట్టి, చాలా మెల్లగా, గోరుతో గీకినట్టు చూపించాడు. "ఇలా కొట్టింది. ఒక్క రోజే. ఎండ కాసింది."

అది నేనేనమ్మా అని చెప్పబోయాను. నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మ మొహం చూసి మింగేశాను. నేను వెళ్లిన రోజు వాన. ఎండ ఎక్కడిది? వాడికి రోజులు కలిసిపోతుంటాయని నాకు తెలుసు. తెలిసినా, ఆ మధ్యాహ్నమంతా నా వేలి గోరు నాది కానట్టే అనిపించింది.

మరుసటి ఏడు బడి తెరవకముందే పై ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చింది. తోడక్క పోస్టు ఏడాదికేడాది మంజూరు కావాలట. అడక్కపోతే జారిపోతుందట. అమ్మ, నేను, సైకిల్ షాపు తాత బయలుదేరుతుంటే నాన్న కూడా అచ్చాఫీసుకి సెలవు పెట్టి వచ్చాడు. బల్ల అవతల గుమాస్తా తల ఎత్తకుండా, "మీకెంతమంది పిల్లలమ్మా?" అని అడిగాడు.

"ముగ్గురు," అంది అమ్మ.

మూడోది ఎవరని నేను అడగలేదు. నాన్న అమ్మ వైపు చూశాడు. గుమాస్తా ఇటు తిరిగి, "ముగ్గురేనా?" అన్నాడు.

"ముగ్గురేనండీ," అన్నాడు నాన్న.